టోకెన్ ఇచ్చాక వచ్చిన ఫైలు: బెంగళూరులో మొదటి సైట్ కొన్న ఒక జంట కథ

2024 నవంబరులో ఒక శనివారం సాయంత్రం, ఆఫీసు మూసే వేళకు భార్యాభర్తలిద్దరు వచ్చారు. ఇద్దరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు. సొంతూరు ప్రకాశం జిల్లా, ఉండేది మారతహళ్లిలో అద్దె ఇంట్లో. ఆయన చేతిలో నీలం రంగు ఫైలు. "పేపర్లన్నీ క్లియర్‌గానే ఉన్నాయి సార్. మీరు ఒక్కసారి చూసి ఓకే అంటే సోమవారం అగ్రిమెంట్ రాసుకుంటాం" అన్నారు.

నేను బెంగళూరులో 19 ఏళ్లుగా ఆస్తి పత్రాల పనే చేస్తున్న తెలుగు అడ్వొకేట్‌ని. ఇలాంటి శనివారాలు చాలా చూశాను. ఈ కేసు గురించి ప్రత్యేకంగా ఎందుకు రాస్తున్నానంటే, వీళ్లు అజాగ్రత్తగా ఉన్నవాళ్లు కాదు. ప్రతి కాగితానికీ ఫొటో తీసి పెట్టుకున్నారు, లాయరుకు చూపించారు, బ్యాంకులో అడిగారు. అన్నీ చేశారు. కానీ వాళ్లు సలహా అడిగిన నలుగురిలో ఒక్కరు కూడా వాళ్ల తరఫు మనిషి కాదు. వాళ్ల అనుమతితోనే రాస్తున్నాను, గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

ఆనేకల్ తాలూకాలో ఒక లేఔట్. పక్కపక్కనే రెండు సైట్లు, అంటే ఇళ్ల స్థలాలు, ఒక్కొక్కటి 30×40 అడుగులు, రెండూ కలిపి 72 లక్షలు. "మూడేళ్లలో ఒకటి అమ్మేస్తే రెండోది మీకు ఉచితంగా మిగిలినట్టే అన్నా" అని బ్రోకరు చెప్పాడు. ఆయనా తెలుగువాడే. భాష తెలియని ఊళ్లో మన భాష మాట్లాడే మనిషి దొరికితే సగం భయం పోతుంది. ఆ ధైర్యాన్ని తప్పుపట్టను, నేనూ ఈ ఊరికి అలాగే వచ్చాను. ఆ బ్రోకరే లాయరును చూపించాడు. లాయరు ఫీజు కూడా "మేమే చూసుకుంటాం" అన్నాడు. దస్తావేజు రాసేవాడు బ్రోకరు మనిషి. లోన్ ఏజెంటు బ్రోకరు స్నేహితుడు. టోకెన్ రెండు లక్షలు అప్పటికే ఇచ్చేశారు: లక్షన్నర బ్యాంకు ద్వారా, 50,000 నగదుగా.

ఫైల్లో లాయరు ఒపీనియన్, అంటే పత్రాలు చూసి రాసిచ్చే అభిప్రాయం, ఒకే పేజీ. కింద సంతకం, సీలు ఉన్నాయి. దానికి ఆధారంగా చూసిన పత్రాలు మూడు: ఇప్పటి యజమాని దస్తావేజు, దానికి ముందుది ఒకటి, 2004 ఏప్రిల్ నుంచి ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా). కర్ణాటకలో కంప్యూటర్లో సులువుగా దొరికే ఈసీ ఆ తేదీ నుంచే మొదలవుతుంది. అంతకుముందుది కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పాత పుస్తకాలు వెతికించి తీసుకోవాలి, రోజులు పడుతుంది. అందుకే చాలా ఫైళ్లలో భూమి చరిత్ర 2004లోనే పుట్టినట్టు కనిపిస్తుంది.

ఫైలు అడుగున పాత ఆర్‌టీసీ, అంటే మన పహాణీ, జిరాక్స్ కాపీ ఒకటి ఉంది. కన్నడంలో ఉంది. ఆయన దాన్ని కూడబలుక్కుని చదివారు. "ఇందులో మంజూరు అని ఉంది సార్. అంటే ప్రభుత్వం అప్రూవ్ చేసినట్టే కదా?"

ఈ మాట దగ్గర కాస్త ఆగి చెప్పాలి. బెంగళూరులో తెలుగువాళ్లు ఎక్కువగా మోసపోయేది తెలియని మాటల దగ్గర కాదు, తెలిసినట్టు అనిపించే మాటల దగ్గర. కన్నడ లిపి మన లిపికి దగ్గర. అక్షరాలు పోల్చుకోగలం, సగం మాటలు మనవే. మంజూరు, దరఖాస్తు, ఖరాబు అన్నీ చదివేస్తాం. కానీ కర్ణాటక రెవెన్యూ కాగితంలో మంజూరు అంటే లేఔట్‌కు అనుమతి అని కాదు. ఆ భూమిని ఒకప్పుడు ప్రభుత్వం ఎవరికో ఇచ్చింది అని. అలా ఇచ్చినప్పుడు లబ్ధిదారుకు సాగువళి చీటి అనే పత్రం ఇస్తారు. ఆ చీటి ఎవరి పేరున ఉంది, ఏ షరతులతో ఉంది అన్నదే అసలు ప్రశ్న.

"మన ఊళ్లో అసైన్డ్ భూమి అంటారు కదా, అలాంటిది" అన్నాను. ఆవిడ ముఖం మారిపోయింది. వాళ్ల నాన్నగారి ఊళ్లో అసైన్డ్ భూమి కొని పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారట. ఆంధ్రప్రదేశ్‌లో ఆ భూముల బదిలీని నిషేధిస్తూ 1977లో చట్టం వచ్చింది. కర్ణాటకలో ఎస్సీ, ఎస్టీలకు ఇచ్చిన భూముల కోసం 1978లో వేరే చట్టం వచ్చింది. ఇక్కడ అందరూ పీటీసీఎల్ చట్టం అంటారు. ప్రభుత్వ ముందస్తు అనుమతి లేకుండా అలాంటి భూమి చేతులు మారితే ఆ అమ్మకం చెల్లదు. భూమి తిరిగి ఇప్పించమని మొదటి లబ్ధిదారు కుటుంబం దరఖాస్తు చేసుకోవచ్చు. "ఎన్నేళ్ల తర్వాతైనా వేయవచ్చా" అన్న దానిపై కోర్టుల్లో చాలాకాలం వాదన నడిచింది. 2023 సవరణ కాలపరిమితి లేదని రాసేసింది. ఆ కుటుంబాలకు ఈ రక్షణ అవసరమనే నేను నమ్ముతాను. వాళ్ల దగ్గర చౌకగా కొనేసినవాళ్లను చాలామందిని చూశాను. కానీ నాలుగు చేతులు మారాక, అప్పు చేసి ఆ సైట్ కొన్న ఉద్యోగి ఆ గొలుసులో చివరివాడై నిలబడతాడు.

మంగళవారం తాలూకా ఆఫీసుకు మనిషిని పంపి పాత మ్యుటేషన్ రిజిస్టరు (భూమి ఎవరి పేరు నుంచి ఎవరి పేరుకు మారిందో రాసే పుస్తకం) కాపీ తెప్పించాను. అనుమానించినట్టే ఉంది. గ్రాంటు భూమి, లబ్ధిదారు ఎస్సీ, అమ్మకానికి ప్రభుత్వ అనుమతి తీసుకున్న ఆనవాలు ఎక్కడా లేదు. పైగా ఆ లేఔట్ విస్తీర్ణానికి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నమోదు తప్పనిసరి. కర్ణాటక రెరా వెబ్‌సైట్‌లో దాని పేరే లేదు.

ఆ మొదటి లాయరు అబద్ధం రాశాడా? లేదు. ఒపీనియన్ మొదటి వాక్యంలోనే "నాకు చూపిన పత్రాల ఆధారంగా" అని ఉంది. మూడు పత్రాలు చూపించారు, మూడింటి గురించే రాశాడు. పాత కాగితాలు అడగాల్సింది కొనేవాళ్ల తరఫు లాయరు. ఈ లాయరుకు ఫీజు ఇచ్చింది అమ్మకం జరగాలని కోరుకునేవాళ్లు. మా బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం అడ్వొకేట్ తన ఫీజును అడ్వొకేట్ కాని మనిషితో పంచుకోకూడదు. బ్రోకరు తెచ్చిపెట్టే ఫైళ్ల మీదే బతికే లాయరు పైసా పంచకపోయినా, తర్వాతి ఫైలు రావాలంటే ఈ ఫైలు "క్లియర్" కావాలి.

బ్యాంకు సంగతీ అంతే. "లోన్ వస్తే పేపర్లు బాగున్నట్టే" అని వీళ్లు గట్టిగా నమ్మారు. బ్యాంకు ప్యానెల్ లాయరు చూసేది బ్యాంకు కోసం. టైటిల్, అంటే ఆస్తి మీద హక్కు, పోయినా అప్పు మీ నెత్తిన అలాగే ఉంటుంది, జీతంలోంచి వసూలవుతూనే ఉంటుంది. డబ్బు రాబట్టుకునే ఆ దారి బ్యాంకుకు ఉంది, మీకు లేదు.

టోకెన్‌లో లక్షన్నర ఆరు వారాలకు తిరిగొచ్చింది. బ్యాంకు స్టేట్‌మెంట్ ఉంది కాబట్టి కాదనలేకపోయారు. నగదు 50,000 రాలేదు. స్థిరాస్తి లావాదేవీలో 20,000 లేదా అంతకుమించి నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం తప్పు, తీసుకున్నవాడికి అంత మొత్తం జరిమానా పడుతుంది. ఆ సంగతి నోటీసులో రాశాను. "మేం నగదు తీసుకోలేదు" అన్నారు. రసీదు లేదు.

మనుషుల్ని వెతికిన నెల

డిసెంబరులో మళ్లీ వచ్చారు. ఈసారి ఆస్తితో కాదు, ప్రశ్నతో. "ఏ సైట్ చూడాలో తర్వాత చూద్దాం సార్. ముందు ఎవరెవరు కావాలో చెప్పండి" అని ఆవిడ అడిగారు. నా దగ్గరికి వచ్చినవాళ్లలో ఈ వరుసలో అడిగినవాళ్లు చాలా తక్కువ.

ముగ్గురు చాలన్నాను: లాయరు, సీఏ, సర్వేయరు. వాళ్ల ఆఫీసులో ఎవరో ఫైనాన్షియల్ అడ్వైజర్‌ని పెట్టుకోమన్నారట. సెబీ (షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ) నమోదు ఉన్న సలహాదారు షేర్లు, ఫండ్ల వంటి వాటికి. మీ బడ్జెట్ ఎంత ఉండాలో, ఎంత అప్పు మోయగలరో ఆయన చెప్పగలరు. సైట్ మంచిదో కాదో చెప్పడం ఆ లైసెన్సు కిందికి రాదు.

లాయరుగా నన్నే పెట్టుకుంటామన్నారు. వద్దనలేదు కానీ, మరో ఇద్దరిని కలిసి రమ్మన్నాను. మిగతా ఇద్దరి పేర్లు నేను ఇవ్వనన్నాను. నేనే ఇస్తే, బ్రోకరు కూర్చున్న కుర్చీలో నేను కూర్చున్నట్టవుతుంది. ఆయనకు కొంచెం కోపం వచ్చింది. "మాకు ఇక్కడ ఎవరు తెలుసు సార్?"

ఎలా అడగాలో మాత్రం చెప్పాను. అడ్వొకేట్లు ప్రకటనలు ఇచ్చుకోకూడదు, కాబట్టి ప్రకటనల్లో వెతికితే మంచివాళ్లు దొరకరు. తెలిసినవాళ్లను అడిగేటప్పుడు "మీ లాయరు ఎలాంటివారు" అని అడగవద్దన్నాను. ఆస్తి కొన్న ప్రతి ఒక్కరూ తమ లాయరు మంచివాడనే అంటారు, గొడవ ఇంకా బయటపడి ఉండదు కాబట్టి. "ఎవరి మాట విని మీరు కొనడం మానేశారు?" అని అడగండి. అప్పుడు వచ్చే పేర్లు తక్కువ, కానీ పనికొచ్చేవి.

ఆవిడ ఆ ప్రశ్నను పట్టుకుని వాళ్ల అపార్ట్‌మెంట్లో, ఆఫీసులో తిరిగారు. సీఏల విషయంలో ముగ్గురి దాకా వెళ్లారు. మొదటివారు జీతాల రిటర్నులు మాత్రమే చేస్తానని నిజాయితీగా చెప్పారు. రెండోవారు "యాభై లక్షలు దాటితే ఒక శాతం టీడీఎస్ కట్ చేసి కట్టేయండి, అంతే" అన్నారు. టీడీఎస్ అంటే అమ్మేవాళ్ల పన్నును కొనేవాళ్లే ముందుగా కోసి ప్రభుత్వానికి కట్టడం. మూడోవారు, కోరమంగలలో ఒక మహిళా సీఏ, వాళ్లింకా ఏ ఆస్తీ ఎంచుకోకముందే ఒక మాట అడిగారట: "అమ్మేవాళ్లు ఎవరైనా, గత ఏడాది ఇండియాలో ఎన్ని రోజులు ఉన్నారో మొదట కనుక్కోండి." ఆ ప్రశ్నకు అప్పుడు వీళ్లకు అర్థం తెలియలేదు. అయినా ఆవిడనే ఎంచుకున్నారు.

సర్వేయరు దొరకడమే కష్టమైంది. వీధిలో కడుతున్న ఇంటి దగ్గర ఆగి, అక్కడి ఇంజినీరును అడిగి ఇద్దరి నంబర్లు సంపాదించారు. ఒకాయన సైట్‌కు రాకుండానే ఫోన్లో మ్యాప్ చూసి చెప్పేస్తానన్నాడు. రెండో ఆయన లైసెన్సు ఉన్న సర్వేయరు, కన్నడిగుడు, అరవైకి దగ్గర. "లేఔట్ ప్లాన్ తీసుకురండి, అది లేకుండా టేపు తీయను" అన్నాడు.

ముగ్గురి ఫీజులూ ముందే కాగితం మీద రాసుకున్నారు. కొన్నా, కొనకపోయినా అదే ఫీజు. నాది 25,000, సీఏది 15,000, సర్వేయరుది 8,000. భర్త 48,000 అని కూడి, నగదుగా పోయిన 50,000 కంటే తక్కువే అన్నారు.

రెండో సైట్

జనవరిలో దక్షిణ బెంగళూరులో ఒక బీడీఏ (బెంగళూరు డెవలప్‌మెంట్ అథారిటీ) లేఔట్‌లో 30×40 సైట్ దొరికింది. చదరపు అడుగు 7,000, మొత్తం 84 లక్షలు. తండ్రికి బీడీఏ కేటాయించిన సైట్. తల్లిదండ్రులు ఇద్దరూ పోయారు, వీలునామా లేదు. వారసులు అన్న, చెల్లెలు, చెరి సగం. ఈసారి పైసా టోకెన్ ఇవ్వలేదు. "మూడు వారాలు టైమివ్వండి, మా వాళ్లు చూస్తారు" అన్నారు. అమ్మేవాళ్లు ఒప్పుకున్నారు.

నా పని తేలికగానే గడిచింది. కేటాయింపు పత్రం, లీజ్ కమ్ సేల్ అగ్రిమెంటు, ఆ తర్వాతి పూర్తి దస్తావేజు, అన్నీ ఒరిజినల్స్ ఉన్నాయి. 2024 చివరి నుంచి రిజిస్ట్రేషన్‌కు ఈ-ఖాతా (ఆస్తి ఎవరి పేరున ఉందో చూపే ఆన్‌లైన్ రికార్డు) తప్పనిసరి అయింది కాబట్టి అది ఇద్దరి పేరున చేయించమన్నాను. చెల్లెలు అమెరికాలో ఉంటారు, రాలేరు. అన్నకు పవర్ ఆఫ్ అటార్నీ పంపుతామన్నారు. విదేశంలో రాసిన పవర్ ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలి. అది నోట్ చేసుకున్నాను. షెడ్యూల్‌లో కొలతలు సరిపోయాయి. నా వైపు నుంచి అభ్యంతరం లేదని రాసిచ్చాను.

అమెరికా అన్న మాట వినగానే సీఏకి ఫైలు మొత్తం మారిపోయింది. ఆవిడ అడిగిన రోజుల లెక్క ఇక్కడ పనికొచ్చింది. చెల్లెలు ఏడాదిలో ఇండియాలో ఉన్నది పన్నెండు రోజులు. మధ్యవర్తి మాత్రం "ఆమెకు పాన్ ఉంది, ఆధార్ ఉంది, అందరికీ ఒకటే రూలు" అంటున్నాడు. పాన్ కార్డు ఎవరినీ రెసిడెంట్ చేయదు. అన్న వాటా 42 లక్షలకు ఒక శాతం, అంటే 42,000. ఆయన వాటా ఒక్కటీ యాభై లక్షలు దాటకపోయినా, 2024 అక్టోబరు నుంచి అమ్మేవాళ్లందరి మొత్తం కలిపి చూడాలన్న నియమం వచ్చింది. చెల్లెలి వాటాకు లెక్క వేరు: 12.5 శాతం, దాని మీద 4 శాతం సెస్సు, కలిపి 13 శాతం. 42 లక్షల మీద 5,46,000. అప్పటి నియమం ప్రకారం దీనికి కొనేవాళ్లు టాన్ (పన్ను కోసి కట్టేవాళ్లకు ఇచ్చే నంబరు) కూడా తీసుకోవాల్సి ఉండేది. ఒక శాతమే కోసి మిగతాది ఆమె చేతికి ఇచ్చేస్తే, తేడా సొమ్ము వడ్డీతో సహా పన్నుల శాఖ అడిగేది అమ్మినవాళ్లను కాదు, కొన్నవాళ్లను.

ఈ విషయం చెప్పగానే అన్నగారికి కోపం వచ్చింది. "మీ సీఏ డీల్ చెడగొడుతోంది" అన్నారు. సీఏ ఆయనతో నేరుగా ఫోన్లో మాట్లాడారు. చెల్లెలికి నిజంగా వచ్చిన లాభం మీద పన్ను తక్కువే పడుతుంది కాబట్టి, తక్కువ టీడీఎస్ కోసం పన్నుల శాఖ నుంచి సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చని దారి చెప్పారు. దాంతో గొడవ సర్దుకుంది. సర్టిఫికెట్ రావడానికి దాదాపు రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ వీళ్లకు టెన్షనే. సైట్ వేరేవాళ్లకు పోతుందేమోనని భర్త నాకు రోజూ ఫోన్ చేసేవారు.

ఆ ఖాళీలోనే సర్వేయరు వెళ్లాడు. ఆ రోజు నేనూ వెళ్లాను, అప్పటిదాకా ఆ సైట్ నేను చూడలేదు. ఆయన సైట్‌లో అడుగు పెట్టకుండా, లేఔట్ ప్లాన్ పట్టుకుని ముందు రోడ్డు అంచు నుంచి వెనక రోడ్డు అంచు దాకా కొలిచాడు. రెండు సైట్లు వీపు వీపు ఆనించుకుని ఉంటాయి, 40కి 40, మొత్తం 80 అడుగులు. 80 ఉంది. అప్పుడు వెనక ఇంటి వైపు నుంచి వాళ్ల కాంపౌండ్ గోడ దాకా కొలిచాడు. 43. మన వైపు మిగిలింది 37.

1,200 చదరపు అడుగులని నేను కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చిన సైట్, నేల మీద 1,110 చదరపు అడుగులు. నా ఒపీనియన్‌లో తప్పులేదు, దస్తావేజులో 40 అనే ఉంది. కానీ నా ఒపీనియన్ ఒక్కటే పట్టుకుని డబ్బు కట్టి ఉంటే వాళ్లు లేని 90 చదరపు అడుగులకు 6,30,000 ఎక్కువ ఇచ్చేవాళ్లు. అది నన్ను చాలా రోజులు బాధించింది. అప్పటి నుంచి నా ఒపీనియన్ చివర ఒక పేరా చేర్చాను: ఈ అభిప్రాయం పత్రాలకు మాత్రమే, నేల మీది కొలతకు సర్వేయరు నివేదిక లేకుండా డబ్బు చెల్లించవద్దు అని. అడగని క్లయింటుకు కూడా అది చదివి వినిపిస్తున్నాను.

వెనక ఇంటివాళ్లు గోడ తీసేది లేదన్నారు. అన్న, చెల్లెలు 90 చదరపు అడుగుల ధర తగ్గించడానికి ఒప్పుకున్నారు, మొత్తం 77,70,000 అయింది. దస్తావేజు షెడ్యూల్ మాత్రం 30×40గానే ఉంచాను. 37 అని రాస్తే ఆ మూడడుగుల మీద హక్కు మనమే వదులుకున్నట్టు. గోడ కట్టింది 2017లో అని ఇంటి ఫొటోల్లో తేలింది. వేరేవాళ్ల స్వాధీనంలో ఉన్న స్థలం కోసం దావా వేయడానికి గడువు 12 ఏళ్లు. కాబట్టి ఇంకా సమయం ఉంది. రిజిస్ట్రేషన్ అయ్యాక వెనక ఇంటివాళ్లకు నోటీసు పంపాం, మాటలు నడుస్తున్నాయి.

2025 ఏప్రిల్‌లో రిజిస్ట్రేషన్ జరిగింది. అప్పటికి రిజిస్ట్రేషన్ ఫీజు ఒక శాతం. ఆ ఏడాది ఆగస్టు 31 నుంచి అది రెండు శాతమైంది, ఇప్పుడు కొనేవాళ్లు బడ్జెట్‌లో అలా వేసుకోవాలి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు బయట సీఏ, సర్వేయరు, నేను మొదటిసారి ముగ్గురం ఒకచోట కలిశాం. సైట్ కొన్న ఆవిడ టిఫిన్ డబ్బాలో పులిహోర తెచ్చి అక్కడి బెంచీ మీదే అందరికీ పెట్టారు. సర్వేయరు గారికి బాగా నచ్చింది, రెండోసారి అడిగి పెట్టించుకున్నారు.

ఆనేకల్ లేఔట్‌లో సైట్లు ఇంకా అమ్ముడవుతూనే ఉన్నాయి. ఆ తర్వాత అదే లేఔట్ ఫైళ్లు మరో రెండు నా టేబుల్ మీదికి వచ్చాయి, అదే ఒక పేజీ ఒపీనియన్‌తో. ఒకరు అప్పటికే నాలుగు లక్షలు కట్టేశారు. రెండోవాళ్లు కడపవాళ్లు, ఇంకా రూపాయి ఇవ్వలేదు. వాళ్లను నా దగ్గరికి పంపింది ఈ దంపతులే.